అసలు రూల్ ఏది? ఇంట్లో ఆడే ఆటల చరిత్ర మీద ఒక పొడుగు సమాధానం

మీరు అడిగినవి మూడు. అన్నిటికంటే పాత బోర్డు ఆట ఏది, మోనోపలీ, లూడో, పాముల పటం లాంటివి ఎవరు కనిపెట్టారు, ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఆడతారు కదా, మరి అందులో అసలు రూల్ ఏది. పాత ఆటల పెట్టెలు, వాటిలోని రూల్స్ కాగితాలు పోగేయడం నాకు చాలా ఏళ్లుగా ఉన్న పిచ్చి కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను.

మూడోదానితో మొదలుపెడతా. చాలా ఆటలకి "అసలు రూల్" అనేది లేనే లేదు. ఒక మనిషి ఒకచోట కూర్చుని కనిపెట్టిన ఆటలు ఈమధ్య కాలానివి. అంతకుముందువన్నీ ఆడేవాళ్లు తమకి తోచినట్టు మార్చుకుంటూ, ఒకరి నుంచి ఒకరు చూసి నేర్చుకుంటూ వచ్చినవే. ఎప్పుడో ఒక వ్యాపారి అలా తిరుగుతున్న రకాల్లో ఒకదాన్ని పట్టుకుని, అట్టపెట్టెలో పెట్టి, మీద పేటెంటో ట్రేడ్‌మార్కో వేయించుకుంటాడు. ఆ రోజు నుంచి అది అసలుది అయిపోతుంది, మిగతా రకాలన్నీ "మా ఇంటి రూల్స్" అయిపోతాయి. మోనోపలీ దగ్గరికి వచ్చాక ఇది ఎంత ఘోరంగా జరుగుతుందో చూద్దురు.

ఇక అన్నిటికంటే పాతది ఏది అన్న సంగతి. నెట్‌లో వెతికితే సెనెట్ అని వస్తుంది, తప్పేం కాదు. ఈజిప్టులో క్రీ.పూ. 3000 ప్రాంతం నుంచే దాని ఆనవాళ్లు ఉన్నాయి. వరుసకి పది చొప్పున మూడు వరుసలు, మొత్తం 30 గళ్లు. నెఫెర్తారి రాణి సమాధి గోడ మీద ఆవిడ సెనెట్ ఆడుతున్న బొమ్మ ఉంది, 1922లో బయటపడ్డ టుటన్‌ఖామున్ అనే రాజు సమాధిలో ఆట పెట్టెలే కొన్ని దొరికాయి. అంటే బోర్డు ఉంది, పావులు ఉన్నాయి, పాచికల బదులు వేసే పుల్లలు కూడా ఉన్నాయి. ఎలా ఆడేవాళ్లో మాత్రం ఏ కాగితం మీదా లేదు. ఇప్పుడు దుకాణాల్లో "ఫారోల ఆట" అని అమ్మే సెనెట్ సెట్లలో ఉండే రూల్స్ 20వ శతాబ్దంలో పండితులు ఊహించి రాసినవి. మంచి ఊహలే, ఆడుకోవచ్చు కూడా. కాకపోతే టుటన్‌ఖామున్ ఇలాగే ఆడాడు అని పెట్టె మీద వేస్తే మాత్రం నమ్మకండి.

ఇంకో సంగతి, "పాతది" అంటే ఇక్కడ "పాడవకుండా మిగిలినవాటిలో పాతది" అని అర్థం. రాజుల ఆటలు దంతంతో, నల్లచేవ కర్రతో చేసి సమాధుల్లో పెట్టారు కాబట్టి మిగిలాయి. మట్టిలో గీత గీసి, గింజలో రాళ్లో పెట్టి ఆడిన ఆటలు ఒక్క వానకి పోతాయి. వామనగుంటల కుటుంబానికి చెందిన ఆటలు ఆఫ్రికాలోనూ ఆసియాలోనూ ఎంత విరివిగా ఉన్నాయో చూస్తే అవి చాలా పాతవే అనిపిస్తుంది, కానీ రాతి మీద వరసగా గుంటలు కనిపించినంత మాత్రాన అది ఆట పలకే అనడానికి లేదు, ధాన్యం దంచిన గుంటలు కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. ఈ విషయం మీద పురావస్తు శాస్త్రవేత్తలు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు.

సెనెట్‌కి లేని అదృష్టం ఇంకో ఆటకి పట్టింది. లియొనార్డ్ వూలీ 1920ల్లో ఇరాక్‌లోని ఉర్ అనే పాత నగరంలో రాజుల శ్మశానం తవ్వినప్పుడు ముత్యపు చిప్పలు, నీలం రాయి పొదిగిన బోర్డులు దొరికాయి, సుమారు 4,500 ఏళ్ల నాటివి. ఇరవై గళ్లు, వాటిలో ఐదింటి మీద పువ్వు గుర్తు. వీటిలో ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. చాలా ఏళ్లు ఇదీ సెనెట్ లాగే మూగబొమ్మగా ఉండిపోయింది. తర్వాత అదే మ్యూజియంలో పనిచేసే ఇర్వింగ్ ఫింకెల్, క్రీ.పూ. 177లో బాబిలోన్‌లో ఒక లేఖకుడు రాసిన మట్టి పలకను చదివి, అందులో ఉన్నది ఈ ఇరవై గళ్ల ఆట గురించేనని గుర్తుపట్టాడు. బోర్డుకీ ఆ పలకకీ మధ్య రెండు వేల ఏళ్లకి పైగా తేడా ఉంది, గమనించండి. అంటే అన్నేళ్లూ ఆ ఆట ఆడుతూనే ఉన్నారు, ఆడినన్నాళ్లూ మారుతూనే ఉండి ఉంటుంది. పలకలో ఉన్నవి పలక నాటి రూల్స్, ఉర్ రాజుల నాటివి అచ్చం అవే అని ఎవరూ ప్రమాణం చేయలేరు.

ఈ ఆట రాజులకే పరిమితం కాదు అనడానికి నాకు బాగా నచ్చిన సాక్ష్యం ఒకటుంది. ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో ఉండిన అసీరియా రాజ్యాన్ని ఏలిన రెండో సార్గోన్ కోర్సాబాద్‌లో కట్టించిన కోట ద్వారం దగ్గర మనిషి తల, రెక్కలు ఉన్న పెద్ద ఎద్దు విగ్రహాలు ఉండేవి. వాటిలో ఒకదాని పీఠం మీద ఈ ఇరవై గళ్ల పటం గీకి ఉంది, శిల్పి చెక్కింది కాదు, ఏదో మొనదేలిన దానితో గీకింది. కాపలా కాసేవాళ్లు పొద్దుపోక గీసుకున్నారనుకోవాలి. రాజు పెట్టించిన శిల్పం మీద పటం గీసేంత తీరిక, అంత ధైర్యం వాళ్లకి ఉన్నాయన్నమాట.

చదరంగం గురించి అందరికీ కొంత తెలుసు కాబట్టి కథంతా చెప్పను. భారతదేశంలో చతురంగంగా 6వ శతాబ్దం ప్రాంతంలో కనిపిస్తుంది, 7వ శతాబ్దంలో బాణుడి హర్షచరితలో ప్రస్తావన ఉంది, అక్కడి నుంచి పర్షియా, అరబ్బుల ద్వారా యూరప్. ఎనిమిది వరసల పలక చదరంగం కంటే చాలా పాతది. బుద్ధుడు ఆడని ఆటల జాబితా ఒకటి పాళీ గ్రంథాల్లో ఉంది, అందులో మొదట వచ్చేవి ఎనిమిది వరసల పలక, పది వరసల పలక మీద ఆడే ఆటలే. అంటే పలక ముందు వచ్చింది, దాని మీద వేరే ఆట ఆడుతుండగా ఎవరో సైన్యాన్ని తెచ్చి పెట్టారు. చదరంగం కనిపెట్టినవాడు రాజుగారిని గడికి రెట్టింపు చొప్పున గింజలు అడిగాడనే కథ లెక్కల పాఠానికి బాగుంటుంది, చరిత్రకి పనికిరాదు.

చెప్పాల్సిన విషయం ఆ తర్వాతది. ఇప్పుడు బోర్డు మీద అందరికంటే బలమైన మంత్రి అప్పట్లో బలహీనుడు, ఐమూలగా ఒక్క గడి మాత్రమే కదిలేవాడు. ఇప్పుడు శకటు నిలబడే చోట ఏనుగు ఉండేది, అది ఐమూలగా రెండు గళ్లు దూకేది, అంతే. ఈ పావులతో రెండు సైన్యాలూ ఎదురెదురు పడటానికే బోలెడు ఎత్తులు పట్టేవి. విసుగు పుట్టి అరబ్బు ఆటగాళ్లు మొదటి ఎత్తులు వదిలేసి, ముందే పావుల్ని ఫలానా అమరికలో పెట్టేసి అక్కణ్ణుంచి ఆడేవాళ్లు. యూరప్‌లోనూ బంట్లు మొదటి ఎత్తులో రెండు గళ్లు వేయొచ్చు లాంటి సవరణలు చేసుకుంటూ పోయారు. చివరికి 1475 ప్రాంతంలో స్పెయిన్‌లో మంత్రికి ఇప్పుడున్న బలం వచ్చింది. అప్పటికి ఆ పావు అక్కడ రాణిగా మారి చాలా కాలమైంది. కొత్త పద్ధతిలో ఆట చకచకా సాగేది, కొద్ది పదుల ఏళ్లలోనే యూరప్‌లో పాత పద్ధతి దాదాపు మాయమైంది. దీనికి ఏ సమాఖ్యా తీర్మానం చేయలేదు, ఎవరి సంతకమూ లేదు. ఈ కొత్త రూల్స్ తెచ్చిన మనిషి పేరు చెప్పమంటే ఏ పండితుడూ చెప్పలేడు.

చదరంగం ప్రస్తావన వచ్చింది కాబట్టి లూయిస్ పావుల గురించి ఒక మాట. 1831లో స్కాట్లాండ్‌లోని లూయిస్ ద్వీపంలో వాల్రస్ దంతంతో చేసిన 12వ శతాబ్దపు పావులు బయటపడ్డాయి. అందులో రాణులు చెంప మీద చెయ్యి పెట్టుకుని, ఇంట్లో ఎవరో చెప్పకుండా అప్పు చేసినట్టు దిగాలుగా కూర్చుంటారు. కొందరు సైనికులు కోపంతో డాలు కొరుకుతూ ఉంటారు. సెట్లలో కొన్ని పావులు తప్పిపోయాయి. వాటిలో ఒకదాన్ని 1964లో ఒక పాత వస్తువుల వ్యాపారి 5 పౌండ్లకి కొన్నాడు, అదేమిటో ఇంట్లో ఎవరికీ తెలియకుండా ఏళ్ల తరబడి పడి ఉంది, 2019 వేలంలో 7,35,000 పౌండ్లు పలికింది. పాత ఆట పావులు కనిపిస్తే పారేయకముందు ఒకసారి ఎవరికైనా చూపించండి అని నేను అనేది ఇందుకే.

పాచికల సంగతి వేరే కథ. పాచిక ఉన్నచోట పందెం ఉంటుంది, పందెం ఉన్నచోట తొండి ఉంటుంది. జర్మనీలో 4వ శతాబ్దం నాటి రోమన్ పాచికల గోపురం ఒకటి దొరికింది. పైనుంచి వేస్తే లోపలి మెట్ల మీద దొర్లుకుంటూ కిందకొచ్చి పడతాయి, చేతివాటం చూపించే వీలు లేకుండా. తమాషా ఏంటంటే రోమన్ల పాచికల్లో చాలా వాటికి భుజాలే సమానంగా ఉండవు, కంటికి తెలిసిపోయేంత వంకర. పడే అంకె దేవుడి దయ అనుకున్నవాళ్లకి ఘనం కచ్చితంగా ఉండాలన్న పట్టింపు ఉండి ఉండదు, సంభావ్యత లెక్కలు యూరప్‌లో చాలా తర్వాత వచ్చాయి.

ఈ జూదం ముద్ర వల్లే ఇంగ్లండ్‌లో, తర్వాత అమెరికాలో, పిల్లల ఆటల్లోంచి పాచికల్ని తీసేసి వాటి బదులు అంకెలు రాసిన బొంగరం పెట్టేవాళ్లు. పాచిక వేస్తే పాపం, బొంగరం తిప్పితే పాపం లేదు, పడేది అదే ఆరంకెల్లో ఒకటి! పాత విక్టోరియన్ సెట్లలో పాచికల బదులు చిన్న దంతపు బొంగరం కనిపిస్తే అది పోయిన పాచికకి బదులు పెట్టింది అనుకోకండి, మొదటినుంచీ ఉన్నది అదే.

ఇక లూడో. దీని తల్లి పచ్చీసు అని అందరికీ తెలిసిందే. ఫతేపూర్ సిక్రీ ప్రాంగణంలో అక్బరు కాలపు పెద్ద పటం నేల మీద ఇప్పటికీ ఉంది. అమెరికాలో 1870ల్లో పార్చీసీ పేరుతో ట్రేడ్‌మార్క్ చేసి అమ్మారు, ఇంగ్లండ్‌లో 1896లో లూడో పేరుతో పేటెంట్ తీసుకున్నారు. కాబట్టి "లూడో ఎవరు కనిపెట్టారు" అంటే, పేటెంట్ తీసుకున్నవాళ్లు ఉన్నారు, కనిపెట్టినవాళ్లు లేరు. వాళ్లు చేసింది ఏంటో కాస్త దగ్గరగా చూడండి. పచ్చీసులో గవ్వలు వేస్తారు. ఆరు గవ్వలు, ఒక్కొక్కటి వెల్లకిలా పడటానికీ బోర్లా పడటానికీ సమానంగా అవకాశం ఉందనుకుంటే, మొత్తం 64 రకాలుగా పడొచ్చు. అందులో 20 సార్లు మూడు వెల్లకిలా పడతాయి. ఒక్కటీ వెల్లకిలా పడకపోవడం 64లో ఒక్కసారే, ఒకే ఒక్కటి పడటం ఆరుసార్లు. అందుకే బాగా ప్రచారంలో ఉన్న ఒక పద్ధతిలో సున్నాకి 25, ఒకటికి 10 ఇస్తారు. నిజం గవ్వలు అంత సమానంగా పడవు, లెక్కలు కూడా చోటును బట్టి మారతాయి, కానీ సూత్రం అదే: అరుదైనదానికి పెద్ద పందెం. ఆడేవాడికి రెండు, మూడు, నాలుగు ఎక్కువ పడతాయని చేతికి తెలుసు, దాన్నిబట్టే తన కాయని ప్రత్యర్థికి ఎంత దూరంలో ఉంచితే చావు తప్పుతుందో చూసుకుంటాడు. లూడోలో గవ్వలు తీసేసి ఒక్క పాచిక పెట్టారు. ఒకటి నుంచి ఆరు దాకా అన్నిటికీ సమాన అవకాశం, ఆ లెక్క మొత్తం ఎగిరిపోయింది.

ఇంకోటి, పచ్చీసు నలుగురూ ఇద్దరిద్దరు జట్లుగా ఆడే ఆట. పందెం పడినా కాయ కదపకుండా ఉండే హక్కు ఉంది. తన కాయ పండే అవకాశం ఉన్నా వదులుకుని, ఇంకో చుట్టు తిరిగి వెనకబడ్డ జట్టువాడికి అండగా రావచ్చు కూడా. లూడోలో అవన్నీ తీసేసి ఎవరి దారి వాళ్లది చేశారు. నన్నడిగితే లూడో అంటే పచ్చీసులోంచి ఆలోచన తీసేయగా మిగిలింది. చిన్నపిల్లలకి అదే కావాలి కాబట్టి తప్పు పట్టను, కానీ నలుగురు పెద్దవాళ్లు కూర్చుంటే లూడో బోర్డు ఉన్నా సరే పచ్చీసు రూల్స్‌తో ఆడి చూడమంటాను.

పాముల పటానిదీ అదే దారి. జ్ఞాన చౌపడ్, మోక్షపటం, పరమపద సోపానం, వైకుంఠపాళి, ఎన్ని పేర్లున్నాయో అన్ని రకాల పటాలు. వైష్ణవులవి వేరు, జైనులవి వేరు, సూఫీ పద్ధతివి వేరు. గళ్లు కూడా 72, 84, 100, ఇంకా ఎక్కువ, ఇలా రకరకాలు. ప్రతి గడికీ ఒక గుణమో లోకమో పేరుగా ఉంటుంది. ఏ పాపానికి ఏ పాము మింగి ఎక్కడ పడేస్తుందన్నది ఇష్టమొచ్చినట్టు గీసింది కాదు. 1890ల్లో ఇది ఇంగ్లండ్‌లో ముద్రణకెక్కింది. మొదట్లో అక్కడి పటాల మీదా సద్గుణాలు, దుర్గుణాల బొమ్మలు ఉండేవి, పోనుపోను అవి పోయి పాములూ నిచ్చెనలూ మిగిలాయి. 1943లో అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ పాములు కూడా తీసేసి జారుడుబల్లలు పెట్టింది. ఆ అమెరికన్ బోర్డు మీద ఒక్కడే ఆడితే గమ్యం చేరడానికి సగటున 39 పందేలు వేయాల్సి వస్తుంది, అదృష్టం దండిగా ఉంటే ఏడుసార్లలో అయిపోతుంది. ఆడేవాడు తీసుకునే నిర్ణయం ఒక్కటి కూడా లేదు. పాత పటంలోనూ లేదనుకోండి, కానీ అక్కడ గడి చదువుకుంటూ పోవడమే ఆట. దీన్ని 13వ శతాబ్దంలో ఫలానా సాధువు కనిపెట్టారని తెగ షేర్ అవుతుంటుంది. దొరికిన పాత పటాలు ఎక్కువగా 18వ శతాబ్దం, ఆ తర్వాతివి. ఆ సాధువుకు ముడిపెట్టే సమకాలీన ఆధారం చూపిస్తే నేనూ షేర్ చేస్తాను.

యూరప్‌లో ఇలాంటిదే బాతు ఆట. 63 గళ్ల సర్పిలం, 16వ శతాబ్దంలో ఇటలీలో కనిపిస్తుంది, ఫ్లోరెన్స్ నగరాన్ని ఏలిన మెడిచి వంశపు ప్రభువు ఒకడు స్పెయిన్ రాజు రెండో ఫిలిప్‌కి కానుకగా పంపాడు, 1597కల్లా లండన్‌లో ముద్రణకి నమోదైంది. 31వ గడిలో బావి, 52లో జైలు, 58లో చావు. అక్కడ పడితే మళ్లీ మొదటికి. ఆటగా దీంట్లో ఏమీ లేదు, ముద్రణకి మాత్రం బంగారు గని. ఒక కాగితం మీద అచ్చేస్తే ఆట సిద్ధం. తర్వాతి రెండు మూడు వందల ఏళ్లలో గళ్లలో బొమ్మలు మారుస్తూ చరిత్ర, భూగోళం, నీతి, యుద్ధం అన్నిటినీ బాతు ఆటలో పోశారు. 1759లో లండన్‌లో జాన్ జెఫరీస్ వేసిన యూరప్ ప్రయాణం ఆటతో భూగోళ పాఠం ఇంట్లోకొచ్చింది, 1760ల్లో జాన్ స్పిల్స్‌బరీ పటాన్ని చెక్కకి అంటించి దేశాల సరిహద్దుల వెంట కోసి అమ్మాడు. ఇప్పుడు మనం జిగ్సా అంటున్నది అదే.

అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ లితోగ్రాఫ్ (రాతి అచ్చు) ముద్రాపకుడు. 1860లో లింకన్ బొమ్మ అచ్చేసి అమ్ముతుంటే ఆయన గడ్డం పెంచాడు! గడ్డం లేని లింకన్ బొమ్మ ఎవరికి కావాలి? చేతిలో ముద్రణ యంత్రం ఖాళీగా ఉంది, అప్పుడు చేసిందే "చెకర్డ్ గేమ్ ఆఫ్ లైఫ్". చదరంగం పలక మీద పసితనం నుంచి సుఖమైన ముసలితనం దాకా ప్రయాణం. మధ్యలో ఆత్మహత్య గడి కూడా ఉంది, అక్కడ పడితే ఆట అయిపోయినట్టే. కుటుంబ ఆట అని అమ్మారు దీన్ని.

ఇప్పుడు మోనోపలీ. 1930ల మాంద్యంలో ఉద్యోగం పోయిన చార్లెస్ డారో వంటింట్లో కూర్చుని కనిపెట్టాడనే కథని ఆ ఆట అమ్మిన పార్కర్ బ్రదర్స్ కంపెనీ దశాబ్దాల పాటు ప్రచారం చేసింది. అసలు ఎలిజబెత్ మేగీ అనే ఆవిడ 1904లోనే ల్యాండ్‌లార్డ్స్ గేమ్ పేరుతో పేటెంట్ తీసుకుంది. చుట్టూ గళ్లు, ఒక్కో వైపు మధ్యలో రైల్వేలు, మూలన జైలు, ఒక చుట్టు పూర్తయితే వంద డాలర్ల కూలి, అంతా అందులోనే ఉంది. ఒక గడి లండన్‌లో ఉండే ఒక ప్రభువుగారి సొంత భూమి, అందులో కాలు పెడితే నేరుగా జైలు. ఆవిడ ఉద్దేశం భూస్వాముల్ని పొగడటం కాదు. పన్ను భూమి విలువ మీదే వేయాలని హెన్రీ జార్జ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త చెప్పిన సిద్ధాంతం జనానికి ఎక్కించడానికి చేసింది. ఒకే బోర్డు మీద రెండు రకాల రూల్స్ పెట్టింది, ఒకదాంట్లో సంపద అందరికీ అందుతుంది, రెండోదాంట్లో ఒక్కడు అందర్నీ దివాలా తీయిస్తాడు. జనం ఏది ఎంచుకున్నారో వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత ముప్ఫై ఏళ్లు ఆ ఆట చేత్తో గీసుకున్న బోర్డుల మీద ఇంటి నుంచి ఇంటికి, కాలేజీ నుంచి కాలేజీకి తిరిగింది. ఎక్కడికి వెళ్తే అక్కడి వీధుల పేర్లు రాసుకునేవాళ్లు. అట్లాంటిక్ సిటీలోని క్వేకర్ అనే క్రైస్తవ శాఖ కుటుంబాలు తమ ఊరి వీధులు వేసుకున్నాయి. ఆ రకం చేతులు మారి 1932 ప్రాంతంలో డారో ఇంటికి చేరింది. ఆయన తనకి నేర్పినవాళ్ల దగ్గర రూల్స్ రాయించుకుని, బోర్డులు తయారుచేసి అమ్మి, 1935లో పార్కర్ బ్రదర్స్‌కి ఇచ్చాడు. దొంగ దొరికిపోయిన చోటు ఏంటో తెలుసా, ఒక అక్షరం! బోర్డు మీదున్న ఒక చోటికి అసలు పేరు "మార్వెన్ గార్డెన్స్", డారోకి నేర్పినవాళ్ల బోర్డు మీద పొరపాటున "మార్విన్" అని ఉంది, ఆయన దాన్ని అలాగే దింపేశాడు, కోట్ల పెట్టెల మీద అదే అచ్చయింది. డారో లక్షాధికారి అయ్యాడు. మేగీ పేటెంట్‌ని కంపెనీ 500 డాలర్లకి కొనేసింది, రాయల్టీ లేదు.

ఇది ఎలా బయటపడిందంటే, 1970ల్లో రాల్ఫ్ అన్‌స్పాక్ అనే ఆర్థికశాస్త్రం ప్రొఫెసర్ యాంటీ మోనోపలీ అనే ఆట తెస్తే కంపెనీతో కోర్టు గొడవ మొదలైంది. కేసు కోసం ఆయన పాత ఆటగాళ్లని వెతుక్కుంటూ వెళ్లి, డారో కంటే ముందు ఆడిన వాళ్లనీ, వాళ్ల బోర్డుల్నీ పట్టుకొచ్చాడు. 1983లో అమెరికా సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనని చెప్పడంతో కింది కోర్టులో ఆయనకి అనుకూలంగా వచ్చిన తీర్పు నిలిచింది.

మీరు అడిగిన "ఒక్కో ఇంట్లో ఒక్కో రూల్" గొడవకి మోనోపలీ మంచి ఉదాహరణ. కాగితం మీద ఉన్న రూల్ ప్రకారం, ఒకడు స్థలం మీద పడి కొననంటే బ్యాంకు దాన్ని వెంటనే వేలం వేయాలి, కొననన్నవాడు కూడా పాడుకోవచ్చు. చాలా ఇళ్లలో ఈ రూల్ ఉందనే తెలియదు, ఎవరూ కొనకపోతే అలా వదిలేస్తారు. రెండోది, పన్నులూ జరిమానాలూ బోర్డు మధ్యలో పోగేసి ఫ్రీ పార్కింగ్‌లో పడ్డవాడికి ఇవ్వడం. ఇది కాగితంలో లేదు. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందంటే, స్థలాలు అమ్ముడుపోవడానికి గంటలు పడుతుంది, ఆటలోంచి బయటికి పోవాల్సిన డబ్బు మళ్లీ లోపలికి వస్తుంది, దివాలా తీయాల్సినవాడు తీయడు. "మోనోపలీ ఎంతకీ తెగదు" అని తిట్టేవాళ్లలో చాలామంది తమ ఇంటి రూల్స్‌ని తిడుతున్నారు. వేలం పెట్టి, పార్కింగ్ డబ్బు తీసేసి ఒకసారి ఆడండి, తేడా కనబడుతుంది.

అలాగని కాగితమే వేదం అనను. ఊనో అనే ముక్కల ఆట ఎలా పుట్టింది? 1971లో ఒహాయోలో క్షౌరశాల నడిపే మెర్ల్ రాబిన్స్‌కీ ఆయన కొడుక్కీ క్రేజీ ఎయిట్స్ అనే పేకాట రూల్స్ మీద వాదన వచ్చింది, ఆ వాదనలోంచి పుట్టింది. 2019లో ఊనో కంపెనీ, నాలుగు ముక్కలు తీసుకోమనే ప్లస్ ఫోర్ మీద ఇంకో ప్లస్ పేర్చి పక్కవాడికి తోసేయడం కుదరదు అని ప్రకటిస్తే జనం ఒప్పుకోలేదు, "మీకు మీ ఆటే ఆడటం రాదు" అని కంపెనీనే ఏడిపించారు. నా ఓటు జనానికే. ఆట మొదలయ్యేముందు అందరూ ఒప్పుకుంటే చాలు. మధ్యలో మార్చడమే తొండి.

నిజంగానే ఒక మనిషి కూర్చుని తయారుచేసిన ఆటలూ ఉన్నాయి, వాటికి పేరు దక్కింది. మాంద్యంలో పని పోయిన వాస్తుశిల్పి ఆల్ఫ్రెడ్ బట్స్ పత్రికల మొదటి పేజీల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టి అక్షరాల బిళ్లలతో మాటలు పేర్చే స్క్రాబుల్‌లో బిళ్లల సంఖ్యా విలువా నిర్ణయించాడు. ఇంగ్లిషులో "ఎస్" బోలెడు వస్తుంది, అయినా నాలుగే పెట్టాడు, లేకపోతే ప్రతివాడూ పక్కవాడి మాటకి బహువచనం తగిలించి మార్కులు కొట్టేస్తాడు. ఎవరూ కొనలేదు. 1948లో జేమ్స్ బ్రూనో పేరు మార్చి, కొద్దిగా సవరించి, 1949లో 2,400 సెట్లు చేసి అమ్మితే 450 డాలర్లు నష్టం వచ్చింది. 1952 తర్వాత గానీ అది ఊపందుకోలేదు. హంతకుణ్ణి కనిపెట్టే ఆట క్లూడో బర్మింగ్‌హామ్ ఆంథనీ ప్రాట్‌ది, యుద్ధకాలంలో ఆలోచన, 1949లో అమ్మకం. చైనీస్ చెకర్స్ మాత్రం చైనాది కాదు, 1892లో జర్మనీలో నక్షత్రం బోర్డు మీద వచ్చిన హాల్మా అనే ఆట అది, అమెరికాలో పేరు మార్చి అమ్మారు. 1979లో జర్మనీలో ఏటా ఉత్తమ ఆటకి బహుమతి ఇవ్వడం మొదలయ్యాక తయారుచేసినవాడి పేరు పెట్టె మీద వేయడం మామూలైంది, 1995లో దంతాల ల్యాబులో పనిచేసే క్లాస్ టాయ్‌బర్ కటాన్ అనే ఆట తెచ్చాక ఆ అలవాటు ప్రపంచమంతా పాకింది.

పాత ఆట ఏదైనా ఆడి చూడాలంటే ఉర్ ఆటతో మొదలుపెట్టండి, కొనక్కర్లేదు. కాగితం మీద ఎనిమిది గళ్ల వరస ఒకటి గీయండి. దానికి అటూ ఇటూ ఒక చివర నాలుగేసి, రెండో చివర రెండేసి గళ్లు తగిలించండి, మధ్యలో రెండు గళ్ల వంతెన మిగులుతుంది, మొత్తం ఇరవై. ఇద్దరికీ ఏడేసి కాయలు. పాచికల బదులు నాలుగు నాణేలు ఎగరేసి బొమ్మ పడ్డవి లెక్కపెట్టండి, సున్నా నుంచి నాలుగు. మీ వైపున్న నాలుగు గళ్లలో వంతెన పక్కనున్న దాంతో మొదలుపెట్టి మూలకి వెళ్లి, మధ్య వరసలోకి తిరిగి, ఆ ఎనిమిదీ దాటి, మళ్లీ మీ వైపున్న రెండు గళ్ల మీదుగా బయటపడాలి. అంటే కాయకి 14 గళ్లు, బయటికి రావడానికి కచ్చితమైన అంకె పడాలి. మధ్య వరస ఇద్దరిదీ, అక్కడ ఎదుటివాడి కాయ మీద పడితే అది చచ్చి మొదటికి పోతుంది. మీ దారిలో 4, 8, 14 గళ్లలో పువ్వు గుర్తు వేయండి. అక్కడ ఆగితే ఇంకో పందెం, మధ్య వరసలో ఉన్న 8వ గడి మీద ఉన్న కాయని ఎవరూ చంపలేరు. కొందరు చివరి ఆరు గళ్ల ముక్క చుట్టూ తిరిగి వచ్చే పొడుగు దారి ఆడతారు, అందులో పోరు ఎక్కువ. దారి ఏదో, సున్నా పడితే మళ్లీ వేయాలో వద్దో మొదటి నాణెం ఎగరేయకముందే ఇద్దరూ తేల్చుకోండి.